పట్టుకోవడానికేమీ లేని కారు

అమెరికా నుంచి వచ్చి నెల కావస్తోంది. షాపుకి వచ్చినవాళ్ళందరూ నయాగరా చూశారా అని అడుగుతున్నారు. చూడలేదు. లిబర్టీ విగ్రహం కూడా చూడలేదు. మూడు రోజులు ఒక కారులో కూర్చుని మూడు ఊళ్ళు తిరిగాం, అంతే. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం ఆ మూడు రోజుల సంగతి రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా నాకు కార్ల సీట్ల షాపు ఉంది. సీటు కవర్లు కుడతాం, మ్యాట్లు పరుస్తాం. కంపెనీవాళ్ళు పెట్టడం మర్చిపోయినవీ, ఖర్చు మిగుల్చుకుందామని పెట్టకుండా వదిలేసినవీ మేం పెడతాం. సంచి తగిలించుకునే కొక్కెం, సీసా పెట్టుకునే గూడు, తలుపు పైన పట్టుకునే హ్యాండిల్, ఇలాంటివి. అందుకని ఏ బండి ఎక్కినా అందులో ఏముందో కాక ఏం లేదో ముందు చూస్తాను. "పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే చూశారు" అంటుంది మా ఆవిడ రాజేశ్వరి.

ఆవిడకి ఏడాదిన్నర క్రితం తుంటికి ఆపరేషన్ అయింది. నడుస్తుంది, మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే మాత్రం ఏదో ఒకటి పట్టుకోవాలి. ఊళ్ళో మా కారు ఉన్నా ఎక్కదు, గుడికైనా బజారుకైనా ఆటోలోనే వెళ్తుంది. గాలి బాగా వస్తుందట. మా మేనకోడలు మాధవి అమెరికా రమ్మని టికెట్లు పంపితే ఆవిడ ఒక్కటే కోరిక చెప్పింది, అక్కడే ఐసెలిన్ అనే ఊళ్ళో ఉన్న సుజాతని చూడాలని. ఇద్దరూ పదో తరగతి వరకు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకుని ముప్ఫై నాలుగేళ్ళయింది.

షాంటిలీ

మాధవి వాళ్ళుండేది వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్ళో. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మాధవి భర్త కిరణ్‌ది హనుమకొండ. మేం వెళ్ళేసరికి అతను పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న ఎలక్ట్రిక్ కారు వచ్చి వారమైంది. తెల్లగా, పొడుగ్గా, నేలకి బాగా దగ్గరగా ఉంది. పైకప్పంతా అద్దమే. ఇల్లు కొన్నప్పుడు కూడా మనిషి ఇంత సంబరపడలేదని మాధవి చెప్పింది.

మేం వచ్చేదాకా పూజ ఆపారు. ఇండియన్ గ్రోసరీలో నాలుగు నిమ్మకాయలు రెండు డాలర్లు. ఆ డబ్బుతో మా రైతుబజారులో సంచి నిండుతుంది. నాలుగు చక్రాల కిందా పెట్టాం, కిరణ్ కారు ముందుకి పోనిచ్చాడు, నిమ్మకాయలు చితికినట్టు కూడా వినపడలేదు. చిన్న వినాయకుణ్ణి డ్యాష్‌బోర్డు మీద పెట్టబోతే నిలవలేదు. అది జారుడుబల్లలా వాలుగా ఉంది. చివరికి కాఫీ కప్పు పెట్టుకునే గూట్లో కూర్చోబెట్టాం. ముందు సీట్ల దగ్గర ఉన్నది అదొక్కటే గూడు కాబట్టి ఆ మూడు రోజులూ కాఫీ కప్పులు చేతుల్లోనే పట్టుకున్నాం.

నేను నా అలవాటు ప్రకారం నాలుగు తలుపుల పైనా చూశాను. ఎక్కడా హ్యాండిల్ లేదు. సంచి తగిలించడానికి కొక్కెం లేదు. ముందున్న సొరుగు తెరవాలన్నా స్క్రీన్ మీద నొక్కాలి.

"ఇంత ఖరీదైన కారుకి పట్టుకునే హ్యాండిల్ ఎందుకు పెట్టలేదు కిరణ్?" అన్నాను.

"కావాలనే పెట్టలే మామయ్యా. అదే డిజైన్. లోపల ఏదీ కనవడద్దు, సాఫ్‌గ ఉండాలె. గా హ్యాండిళ్ళు, కొక్కేలు టాక్సీలల్ల ఉంటయి."

"మరి మనిషి దేన్ని పట్టుకుని లేవాలి?"

"సీటే పైకి లేస్తది. స్క్రీన్ మీద టచ్ చేస్తే అయిపాయె."

ముందు సీట్లో మా ఆవిణ్ణి కూర్చోబెట్టి చూపించాడు. సీటు రెండంగుళాలు లేచింది. అతని వేలు ఇంకెక్కడో కూడా తగిలినట్టుంది, వీపుకి మసాజ్ మొదలైంది. "చాలు బాబూ, ఆపెయ్" అంది ఆవిడ. మేం విజయవాడ నుంచి సుజాత కోసం తెచ్చిన గోంగూర పచ్చడి సీసా పెట్టడానికి చోటు కనపడక దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

ఉన్న మాట కూడా చెప్పాలి. నేను కూర్చున్న బండ్లలో ఇంత మెత్తగా నడిచింది లేదు. ఇంజను చప్పుడు లేదు, గతుకు తెలియదు. సీటు కుట్లు వేలితో తడిమి చూశాను, వంక పెట్టడానికి లేదు.

ఫ్రెడరిక్

ముందు రోజు రాత్రి ఛార్జింగ్ పెట్టడం కిరణ్ మర్చిపోయాడు. అందుకని గంట సేపైనా వెళ్ళకుండానే మేరీలాండ్‌లో ఫ్రెడరిక్ అనే ఊళ్ళో ఆగాం. పెద్ద కిరాణా దుకాణం ముందున్న ఖాళీ స్థలంలో ఛార్జింగ్ స్తంభాలు వరసగా ఉన్నాయి. అరగంట పడుతుందన్నాడు.

మా ఆవిడ దిగడానికి ప్రయత్నించింది. చెయ్యి పైకెత్తింది, అక్కడ అద్దమే ఉంది. తలుపు పట్టుకోబోయింది, అది కదిలిపోయింది. చివరికి కిరణ్ ఒక జబ్బ, మాధవి ఒక జబ్బ పట్టుకుని, "వన్, టూ, త్రీ" అని లెక్కపెట్టి పైకి లాగారు. పక్క కార్లవాళ్ళు చూశారు. ఆవిడ నవ్వింది. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక మళ్ళీ అలాగే కూర్చోబెట్టారు. మాధవి, కిరణ్ కాఫీ తేవడానికి దుకాణంలోకి వెళ్ళారు.

నేను కూడా దిగుదామనుకున్నాను. తలుపు తెరిచే మీట కనపడలేదు. ముప్ఫై ఏళ్ళుగా కార్ల తలుపులు విప్పి బిగిస్తున్నవాణ్ణి, వెనక సీట్లో తలుపంతా తడుముతూ ఉండిపోయాను. ఇంతలో బయట నుంచి ఒక తెల్లజుట్టు అమెరికనావిడ అద్దం మీద తట్టి, ఒక చిన్న బొత్తాన్ని వేలితో చూపించింది. నొక్కితే తలుపు తెరుచుకుంది.

ఆవిడ పేరు మార్గరెట్. ఆవిడదీ అదే కారు, పక్క స్తంభం దగ్గర ఉంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. నాకు వచ్చిన ఇంగ్లీషులో కారు ఎలా ఉందని అడిగాను.

"మా ఆయన ఇష్టపడి కొన్నాడు. వెళ్తున్నంతసేపూ బాగుంటుంది. ఆగినప్పుడే ఇబ్బంది" అంది.

తర్వాత నన్ను నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. మీ భార్య పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత కూడా తీయలేదు. నా పేషెంట్లు కొందరు ఇలాగే చేసేవాళ్ళు. మాటిమాటికీ లేవనెత్తమని ఒకరిని అడగాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు."

కారు దగ్గరికి వచ్చి చూశాను. పొద్దున ఇంట్లో నింపిన సీసా నింపినట్టే ఉంది.

"నీళ్ళు తాగు" అన్నాను.

"దాహం వెయ్యట్లేదు" అంది. దారంతా అదే మాట.

లాంకాస్టర్

పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ చుట్టుపక్కల ఆమిష్ అనే మతంవాళ్ళుంటారు. కార్లు కొనరు, ఇళ్ళకి కరెంటు తీగ లాగించుకోరు. గుర్రపు బండ్లలో తిరుగుతారు, వాటిని బగ్గీలంటారు. హైవే దిగిన పది నిమిషాలకే బూడిదరంగు బగ్గీ ఒకటి మా కారుకి ముందు వెళ్తూ కనిపించింది. దాటిపొయ్యే దారి లేక కిరణ్ దాని వెనకాలే గుర్రం నడిచినంత వేగంలో రెండు మైళ్ళు నడిపాడు. కారు ఎంత వేగంగా వెళ్ళగలదో ఆ రెండు మైళ్ళూ మాకు చెబుతూనే ఉన్నాడు.

ఒక పొలం గట్టున బల్ల మీద గుమ్మడికాయలు, యాపిళ్ళు, పచ్చళ్ళ సీసాలు పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. ధర చీటీ మీద రాసి ఉంది, డబ్బు డబ్బాలో వెయ్యాలి. పచ్చడి కొని రుచి చూశాం. కాబేజీ, క్యారెట్ ముక్కల్లో వెనిగర్, పంచదార. తియ్యటి పచ్చడి మా ఇంట్లో ఎవరికీ గొంతు దిగలేదు. బెల్లం పాకంలాంటి దానితో చేసే 'పై' అనే తీపి వంటకం మాత్రం బాగుంది, ముక్క అయిదు డాలర్లు. మన బెల్లం వాసనే వచ్చింది. మా ఆవిడ రెండు చెంచాలు తిని, నీళ్ళు వద్దని పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రం హోటల్ గదిలో మంచం అంచున కూర్చుని చెప్పింది. "రేపు మీరు వెళ్ళి ఊరు చూసి రండి. ఎల్లుండి ఐసెలిన్ కూడా మీరే వెళ్ళి సుజాతకి సీసా ఇచ్చి రండి. నేను తనతో ఫోన్లో మాట్లాడతాను."

"ఇంత దూరం వచ్చింది సుజాత కోసమే కదా."

"బజారులో అందరి ముందూ నన్ను బియ్యం బస్తా దించినట్టు దించుతారు. సుజాత మొదట చూసేది అదా? నాకొద్దు."

"ముందే చెప్పొచ్చు కదా."

"మీకు చెప్పినా..." అని ఆగిపోయి, దుప్పటి కప్పుకుని అటు తిరిగింది.

నాకు సిగ్గేసింది. ఎవరో దారినపోయే ఆవిడ అరనిమిషంలో పోల్చుకున్నది పక్కనున్న నేను రోజంతా చూడలేదు. కంపెనీవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. వీపుకి మసాజ్ చేసే సీటు పెట్టినవాళ్ళకి రెండొందల రూపాయల హ్యాండిల్ బరువైందా అనుకున్నాను.

బగ్గీల షాపు

మర్నాడు ఆడవాళ్ళిద్దరినీ హోటల్లో ఉంచి కిరణ్, నేను బయల్దేరాం. బగ్గీలు తయారుచేసే షాపు ఒకటి దగ్గర్లో ఉందని హోటల్లో చెప్పారు. కారు లోపల ఎక్కడైనా ఒక పట్టీ కట్టే వీలుందేమోనని పొద్దున్నే వెతికాను. లేదు. తలుపు పైన అద్దమే, సీటు వెనక తల ఆన్చేది కూడా సీటుతో కలిపి పోతపోసినట్టే ఉంది. నా వృత్తిలో నాకు మేకు కొట్టే చోటు దొరకకపోవడం అదే మొదటిసారి.

షాపు పొడుగాటి రేకుల షెడ్డు. దీపాలు లేవు, పైకప్పులోని అద్దాల్లోంచి వెలుతురు పడుతోంది. పనిముట్లు గాలి ఒత్తిడితో నడుస్తున్నాయి. షాపాయన పేరు శామ్యూల్. గడ్డం ఉంది, మీసం లేదు. నేను ఇండియాలో సీట్లు కుట్టేవాణ్ణని చెప్పగానే చేతిలో పని ఆపి ఒక సీటు తెచ్చి నా ముందు పెట్టాడు. కుట్టు లాగి చూశాను. గట్టిగా ఉంది. తల ఊపాను, ఆయనా ఊపాడు. కిరణ్ ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తితే ఆయన మొహం తిప్పుకున్నాడు. ఫోటోలు వాళ్ళకి గిట్టవని గుర్తొచ్చి కిరణ్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

పూర్తయిన బగ్గీ ఒకటి చూపించాడు. ధర పదివేల డాలర్ల పైమాటే అన్నాడు. కిరణ్ లోపలికి తొంగిచూశాడు.

"మామయ్యా, దీనికి రెండు కప్ హోల్డర్లున్నయ్" అన్నాడు నెమ్మదిగా.

చిన్న సొరుగు కూడా ఉంది, చేత్తో లాగితే వస్తుంది. లైట్లకి బ్యాటరీ ఉంది. ఎక్కే చోట ఇనప మెట్టు, దాని పైన పట్టుకోవడానికి ఇనప కడ్డీ ఉన్నాయి. మా చిన్నప్పుడు జట్కా బండి ఎక్కడానికి తాడు పట్టుకునేవాళ్ళం, అది గుర్తొచ్చింది.

"ఈ కడ్డీ ఎంత ఎత్తులో పెట్టాలో ఎలా లెక్క వేస్తారు?" అని అడిగాను.

"లెక్క లేదు. బండి చేయించుకునేవాణ్ణి వాళ్ళింట్లో పెద్దావిణ్ణి తీసుకురమ్మంటాను. ఆవిడ ఎక్కుతుంటే చెయ్యి ఎక్కడికి వస్తే అక్కడ బిగిస్తాను."

నేను మా ఆవిడ సంగతి చెప్పాను. ఆయన బయటికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. రంగు మీద చెయ్యి వేసి "బాగా చేశారు" అన్నాడు. ముందు తలుపు తెరిచి లోపలికి చూశాడు, పైకి చూశాడు, నా వైపు చూశాడు. ఇద్దరం ఆ తలుపు ముందు గొంతుక్కూర్చున్నాం. అప్పుడు నా కంటపడింది. తలుపు మూసినప్పుడు గడి వచ్చి పట్టుకునే ఇనప కొండీ, సీటు పక్కన తలుపు చట్రానికి బిగించి ఉంటుంది. ఎంత గొప్ప డిజైనరైనా దాన్ని తీసెయ్యలేడు. తలుపున్న ప్రతి కారుకీ అది ఉండక తప్పదు, పైగా మనిషి బరువుకి ఊడేది కాదు. నేను దాని మీద వేలు పెట్టగానే శామ్యూల్ లేచి లోపలికి వెళ్ళాడు.

గంట పట్టింది. ఆ కొండీలో దూరేటట్టు ఒక ఇనప కొక్కెం వంచాడు. దానికి జానెడు కర్ర పిడి బిగించాడు. రంగు గీసుకుపోతుందేమోనని కిరణ్ చుట్టూ తిరుగుతుంటే, ఇనుము కనపడినంత మేరా నేను తోలు చుట్టి కుట్టాను. తలుపు తెరిచి, కొక్కెం దూర్చి, పిడి మీద బరువు వేసి లేవాలి. దిగాక తీసేసుకోవాలి. పన్నెండు డాలర్లు తీసుకున్నాడు. ఇరవై ఇవ్వబోతే చిల్లర వెతికి ఇచ్చాడు.

హోటల్ దగ్గర మా ఆవిణ్ణి కూర్చోబెట్టి కొక్కెం తగిలించాం. మొదటిసారి సగం లేచి కూలబడింది. మాధవి ముందుకి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాను. రెండోసారి పిడి మీద అరచెయ్యి ఆన్చి, రెండు కాళ్ళూ బయట పెట్టి, నెమ్మదిగా లేచి నిలబడింది. ఆవిడ మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

"నీళ్ళ సీసా ఏదండీ?" అంది.

ఇస్తే నిలబడే సగం సీసా తాగేసింది.

ఐసెలిన్

ఐసెలిన్‌లో మనవాళ్ళ బజారు ఓక్ ట్రీ రోడ్డు, అక్కడ దిగితే మా విజయవాడ గవర్నరుపేటలో దిగినట్టే ఉంటుంది. నగల కొట్లు, చీరల కొట్లు, మిఠాయిలు, పార్కింగ్ కోసం తగువులు. టీ మూడు డాలర్లు, మిరపకాయ బజ్జీలు ప్లేటు ఏడు డాలర్లు. కారం మనదే, జనం తొందరా మనదే. సుజాతకి అక్కడ బ్లౌజులు కుట్టే చిన్న షాపు ఉంది. కారు ఆగగానే మెడలో టేపుతోనే బయటికొచ్చింది. మా ఆవిడ తలుపు తెరవడం చూసి పట్టుకోవడానికి పరుగెత్తింది.

"ఆగవే, నేనే దిగుతాను" అంది మా ఆవిడ.

కొక్కెం తగిలించడం, కాళ్ళు బయట పెట్టడం, లేవడం, అన్నీ కలిపి ఒక నిమిషం పట్టింది. వెనక కారువాడు ఒకసారి హారన్ కొట్టాడు. ఆవిడ లేచి నిలబడి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, అప్పుడు సుజాత వైపు చూసింది. ఇద్దరూ ఏడ్చారు. పచ్చడి సీసా నా చేతిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట మళ్ళీ కారు మీదికి వెళ్ళింది. కిరణ్ కంపెనీకి ఫీడ్‌బ్యాక్ రాస్తానన్నాడు.

"పద్నాలుగు నెలలు గా కారు గురించి చదివిన మామయ్యా. వీడియోలన్నీ డ్రైవర్ సీట్ల కూసొని తీసినవే. పక్క సీటు గురించి నేనూ ఆలోచించలే" అన్నాడు.

ఖరీదైన కారులో ఇలాంటి చిల్లర సౌకర్యాలు ఎందుకనే వాదనకి దీనికంటే మంచి జవాబు నాకు తట్టలేదు. అక్కడితో ఆపితే బాగుండేది. నేను ఊరుకోకుండా సుజాతకి నా పనితనం చెప్పుకున్నాను. అంతమంది ఇంజనీర్లకి రాని ఆలోచన ఒక ఆటోనగర్‌వాడికీ ఒక బగ్గీలవాడికీ వచ్చిందన్నాను. సొంత తల్లినో భార్యనో ఒక్కసారి ఆ సీట్లో కూర్చోబెట్టి చూసి ఉంటే ఈ తప్పు జరిగేది కాదన్నాను.

మా ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది. "మన కారుకి నా వైపు హ్యాండిల్ లేక రెండేళ్ళయింది. బోల్టు లూజైందని విప్పి షాపులో సొరుగులో పడేశారు. ఆపరేషన్ అయ్యాక రెండుసార్లు చెప్పాను."

ఆటోలో గాలి బాగా వస్తుందని ఎందుకనేదో అప్పుడు తెలిసింది. ఆటోలో డ్రైవరు సీటు వెనక అడ్డంగా కడ్డీ ఉంటుంది.

విజయవాడ

వచ్చిన మర్నాడు షాపు తెరవగానే సొరుగులో వెతికాను. హ్యాండిల్ అక్కడే ఉంది, పాత రసీదుల కింద. కొత్త బోల్టులు వేసి, పాత కన్నాల్లోనే బిగించి, సాయంత్రం కారు ఇంటికి తెచ్చాను. మా ఆవిణ్ణి పిలిచి ఎక్కి చూడమన్నాను. కూర్చుంది, హ్యాండిల్ పట్టుకుంది, లేచింది.

"కాస్త కిందకుంటే బాగుండును. చెయ్యి లాగుతోంది" అంది.

ఎక్కడికి కావాలని అడిగాను. ఆవిడ మళ్ళీ కూర్చుని చెయ్యి ఎత్తింది. చెయ్యి ఆగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, పాతది విప్పి, కొత్త కన్నాలు వేసి బిగించాను. మర్నాడు గుడికి కారులో వస్తానంది.